బాపు అయిదు లీటర్లు తాగుతడు, పోసేది చెంబెడు కూడ కాదు... కిడ్నీ ఖరాబైనట్టేనా?

ఎనుమాముల_పిల్లగాడు | మే 6, రాత్రి 9:12

అందరికి నమస్తే. మా బాపు ఎనుమాముల మార్కెట్ల హమాలి. మిర్చి సీజన్ కదా, పొద్దున ఆరింటికి పోతే పొద్దుగూకినంకనే ఇంటికొస్తడు. అయిదు లీటర్ల క్యాన్ ఎంబడి తీస్కపోతడు, రెండింటి వరకు అది ఒడుస్తది, మల్ల నింపుకుంటడు. సంగతేందంటే, పొద్దంత ఒక్కసారి కూడ మూత్రానికి పోడట. ఇంటికొచ్చినంక పోతడు, అదీ ఇంతే, ఆముదం రంగు. నేనేమో హన్మకొండల ఏసీ కింద కూసొని కంప్యూటర్ చూసుకుంట. మూడు లీటర్లు తాగుత, ఎనిమిది సార్లు లేస్త, తెల్లగ నల్లా నీళ్ళ లెక్క వస్తది.

మరి ఆయన తాగిన నీళ్ళు యాడికి పోతున్నయ్? కిడ్నీలు పని చేస్తలేవా? దవఖానకు పోదం పావే అంటె "నాకేమైందిరా, రాయి లెక్క ఉన్న" అంటడు.

కాజీపేట_లోకో | మే 6, రాత్రి 9:20

తమ్మీ, చెమట. నలభై నాలుగు డిగ్రీలల్ల బస్తాలు మోస్తె ఇంకేడికి పోతయ్.

వేములవాడ_వాసి | మే 6, రాత్రి 9:41

రోజుకు పది లీటర్లు తాగిపియ్యి. పైపు కడిగినట్టు కిడ్నీ కడుక్కపోతది. మా దోస్తుకు గట్లనే తక్కువైంది.

జువాలజీ_సార్ | మే 6, రాత్రి 10:35

పది లీటర్ల సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు పిల్లవాడి భయం తీర్చాలి.

బాబూ, తాగింది చెమటగా పోతున్నదనే మాట నిజమే. ఎండలో బరువు పని చేసే మనిషికి గంటకు లీటరు చెమట పట్టడం వింత కాదు. నువ్వు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. చెమటలో అంత పోయిందని కిడ్నీకి ఎవరు చెప్పారు? మీ నాన్నకు చెంబెడు, నీకు బిందెడు అని లెక్క ఎవరు కట్టారు? మూత్రం ఆముదం రంగులో చిక్కగా వచ్చిందంటే కిడ్నీ నీళ్ళను పట్టి ఆపుకుంటున్నదని అర్థం. దెబ్బ తిన్న కిడ్నీకి ముందుగా తగ్గేవాటిలో ఈ చిక్కబరిచే శక్తి ఒకటి. కాబట్టి రంగు చూసి "పని చేస్తలేదు" అనుకోకు. అలాగని రోజూ అట్లా ఉండటం మంచిదని కూడా అనడం లేదు.

నేను డిగ్రీ కాలేజీలో ఉన్నప్పుడు ప్రాక్టికల్స్ రోజు పొద్దున్నే మటన్ దుకాణానికి పోయి మేక గుర్దాలు తెచ్చేవాణ్ణి. బ్లేడుతో నిలువునా చీరితే పై అంచు ముదురు ఎరుపు, లోపల లేత రంగు, సన్న సన్న చారలు. పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు. ఆ ఎర్ర అంచులో వడపోత, ఆ చారల్లో నీళ్ళ లెక్క. మొత్తం కథ ఆ రెండు రంగుల్లోనే ఉంది.

గుండె నిమిషానికి అయిదు లీటర్ల రక్తం తోస్తే అందులో లీటరుకు పైగా సూటిగా కిడ్నీలకే పోతుంది. రెండూ కలిపితే మూడు వందల గ్రాములు ఉంటాయేమో. అంత చిన్న మాంసానికి అంత రక్తం తిండి కోసం కాదు, వడకట్టడానికి. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు, అంటే వడకట్టే సన్న గొట్టాలు. ప్రతి నెఫ్రాన్ మొదట్లో సన్నని రక్తనాళాలు ఉండ చుట్టుకుని ఉంటాయి, దాని చుట్టూ గిన్నె లాంటి బౌమన్ గుళిక. 1842లో బౌమన్ అనే ఇంగ్లండు వైద్యుడు ఈ ఏర్పాటును విడమరిచి చూపాడు.

చాయ్ వడపోయడం గుర్తు తెచ్చుకో. జల్లెడలో చాయ్‌పత్తి ఆగుతుంది. పాలు, చక్కెర, నీళ్ళు గ్లాసులోకి జారిపోతాయి. ఇక్కడా అంతే. రక్తకణాలు, అల్బుమిన్ లాంటి పెద్ద ప్రొటీన్లు పైన ఆగుతాయి. నీళ్ళు, ఉప్పు, గ్లూకోజు, యూరియా, అన్నీ కిందికి పోతాయి. నిమిషానికి 125 మిల్లీలీటర్లు. రోజుకు 180 లీటర్లు.

ఎనుమాముల_పిల్లగాడు | మే 6, రాత్రి 10:48

సార్, 180 లీటర్లా? మా ఇంటి ముంగట భగీరథ నల్లా కాడ నీలం డ్రమ్ము 200 లీటర్లది. దానికి జర వెలితి అంతే. మనిషి ఒంట్ల అన్ని నీళ్ళే ఉండయి కద.

జువాలజీ_సార్ | మే 6, రాత్రి 11:02

ఉండవు. రక్తంలో కణాలు తీసేస్తే మిగిలే ద్రవం మూడు లీటర్లు. అదే తిరిగి తిరిగి రోజుకు 60 సార్లు జల్లెడ మీదికి వస్తుంది. కిందికి పోయిన 180 లీటర్లలో 178 దాకా మళ్ళీ రక్తంలోకి తోడుకుంటాం. బయటికి పోయేది లీటరున్నర, రెండు లీటర్లు.

నువ్వు అడగబోయేది నాకు తెలుసు, క్లాసులో ఎవడో ఒకడు అడిగేవాడు: ఇదేం తెలివి సార్, అంతా పారబోసి మళ్ళీ ఎత్తుకోవడమేంది?

దసరాకు ఇంటికి సున్నం వేసేటప్పుడు ఏం చేస్తాం? సామానంతా వాకిట్లో పడేస్తాం. కావాల్సినవి ఒక్కొక్కటి లోపలికి తెస్తాం. పాడుబడ్డ గంప, పగిలిన బకెట్టు, ఎవరిదో తెలియని చెప్పు, వాటిని ఎవరూ లోపలికి తేరు గనుక అవి బయటే ఉండిపోతాయి. ఏది చెత్త అని పట్టీ రాసుకోనక్కర లేదు, ఏది కావాలో తెలిస్తే చాలు. కిడ్నీ చేసేది అదే. నిన్న కొత్తగా మింగిన మందుబిళ్ళ, మన తాతముత్తాతల ఒంటికి తెలియని పదార్థం, లోపలికి పిలిచేవాళ్ళు లేకపోతే చాలావరకు మూత్రంలో పోతుంది.

భూపాలపల్లి_టీచరమ్మ | మే 7, ఉదయం 6:30

సార్, పదో తరగతిలో "హెన్లీ శిక్యం" అని బట్టీ పట్టాము. శిక్యం అంటే ఉట్టి అని ఇరవై ఏళ్ళ తర్వాత తెలిసింది నాకు. ఇప్పుడు నేనే ఆ పాఠం చెప్తున్నా, పిల్లలు "అది ఎందుకు మేడం" అంటే బొమ్మ చూపించి దాటేస్తున్నా. దాని సంగతి చెప్పండి.

పాకాల_మత్తడి | మే 7, ఉదయం 7:15

నాకు తెలిసినకాడికి సింపుల్. కిడ్నీ అంటె చెరువు. పాకాల నిండితే మత్తడి దుంకుతది, నిండకపోతె దుంకది. నీళ్ళు ఎక్కువైతె ఉచ్చ ఎక్కువ, తక్కువైతె తక్కువ. గింతదానికి గంత కథ ఎందుకు.

జువాలజీ_సార్ | మే 7, ఉదయం 8:05

మత్తడి పోలిక బాగుంది తమ్ముడూ, కానీ ఒక్కచోట తప్పుతుంది. మత్తడికి తెలిసేది మట్టం ఒక్కటే. ఒంట్లో ముఖ్యంగా చూసేది మట్టం కాదు, ఉప్పదనం. రక్తం ఒక్క శాతం, రెండు శాతం ఉప్పగా అయినా మెదడు పసిగడుతుంది. కాబట్టి మత్తడి కాదు, తూము అనుకో. తూము దగ్గర నీరటికాడు ఉంటాడు చూడు, ఆయన మన తలలో ఉన్నాడు. హైపోథాలమస్ అంటారు. పొద్దంతా రక్తాన్ని నాలుక మీద వేసుకుని రుచి చూస్తుంటాడన్నమాట. ఉప్పగా తగిలితే రెండు పనులు చేస్తాడు. నీకు దప్పిక పుట్టిస్తాడు. కిడ్నీకి వాసోప్రెసిన్ అనే కబురు పంపుతాడు.

టీచరమ్మా, ఇక మీ ఉట్టి. వేసవి కదా, మామిడికాయ తొక్కు పెట్టే ఉంటారు. ముక్కలకు ఉప్పు పట్టించి మూత పెడితే తెల్లారేసరికి జాడీలో ఊట ఊరుతుంది. ఎవరూ పిండలేదు, ఉప్పు లాగింది. కిడ్నీ లోపలి చారల భాగం ఆ జాడీ. హెన్లీ శిక్యం అంటే నెఫ్రాన్ గొట్టం ఉట్టిలా కిందికి దిగి మళ్ళీ పైకి ఎక్కే వంకీ. అందులో పైకి ఎక్కే కాడ ఉప్పును బయటికి తోడి పోస్తుంది, నీటిని మాత్రం వదలదు. అట్లా తోడగా తోడగా ఆ లోపలి కణజాలం రక్తం కంటే నాలుగు రెట్లు గాఢమవుతుంది, చివరి వంతున యూరియా కూడా తోడవుతుంది. 1862లో జర్మన్ శాస్త్రవేత్త హెన్లే ఈ వంకీని వర్ణించాడు. ఎడారి ఎలుకల్లో ఈ వంకీలు మరీ పొడుగు, అందుకే అవి దాదాపు నీళ్ళు తాగకుండానే బతుకుతాయి.

180 లీటర్లలో మూడింట రెండు వంతులు నెఫ్రాన్ గొట్టం మొదటి మలుపుల్లోనే రక్తంలోకి తిరిగి వచ్చేస్తాయి, గ్లూకోజు మొత్తం అక్కడే. శిక్యంలో ఇంకొంత. మిగిలిన 18, 20 లీటర్లు చివరి గొట్టాల గుండా ఆ ఉప్పు జాడీలోంచి దిగుతాయి. గొట్టం గోడకు తలుపులు తెరిచి ఉంటే ఉప్పు ఆ నీళ్ళను లాగేసుకుంటుంది. మూసి ఉంటే నీళ్ళు అట్లాగే మూత్రపు సంచిలోకి పోతాయి. ఆ తలుపుల పేరు ఆక్వాపోరిన్లు. వాటిని కనుక్కున్న పీటర్ ఏగ్రేకు 2003లో రసాయన శాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. నీరటికాడి కబురు అందితే కొన్ని నిమిషాల్లో తలుపులు గోడలోకి వచ్చి కూర్చుంటాయి. మీ నాన్న గొట్టాల్లో తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి బాబూ, నీ గొట్టాల్లో మూసి ఉన్నాయి. ఇద్దరికీ ఉన్న తేడా ఇంతే. ఆ కబురు అసలే పుట్టని జబ్బు ఒకటుంది, అందులో మనిషి రోజుకు పదిహేను, ఇరవై లీటర్లు పోసే సందర్భాలున్నాయి.

పాకాల_మత్తడి | మే 7, ఉదయం 8:31

నీరటికాడు నెత్తిల ఉన్నడా. ఒప్పుకున్న సార్. 🙏

జగిత్యాల_దుబాయ్ | మే 7, మధ్యాహ్నం 1:10

నేను తొమ్మిదేండ్లు గల్ఫ్‌ల కన్‌స్ట్రక్షన్ చేసొచ్చిన. సైటు కాడ బాత్రూం గోడకు రంగుల చార్టు అంటిస్తరు, లేత పసుపు నుంచి ముదురు గోధుమ దాక. నీ రంగు ముదురున్నదా, పోయి నీళ్ళు తాగు. మొదట్ల నవ్వుకునేది. కని బాత్రూం అరకిలోమీటరు దూరం, పోతె ఫోర్మెన్ మొఖం మాడ్చుకునేది, గందుకే తక్కువ తాగేది. నాలుగో ఏడు రాయి తేలింది. ఆ నొప్పి పగోనికి కూడ రావద్దు. నడుము కాడ మొదలై గజ్జల దాక గుంజింది, కింద పడి పొర్లిన.

ఊరికొచ్చినంక అందరు ఒక్కటే మాట, కల్లు తాగు రాయి కరుగుతది. తాగిన. రాయి కరగలే, ఉద్దెర పెరిగింది.

వేములవాడ_వాసి | మే 7, మధ్యాహ్నం 1:42

కల్లు తాగితే మూత్రం మంచిగ వస్తది అన్నా, అది అందరికి తెలిసిందే.

పరకాల_మెడికల్ | మే 7, మధ్యాహ్నం 2:20

వస్తది, ఎందుకొస్తది? ఆల్కహాల్ పోయి ఆ నీరటికాన్నే పండవెడ్తది. కబురు ఆగుతది, తలుపులు మూతపడ్తయ్, తాగినదానికన్న ఎక్కువ నీళ్ళు బయటకు పోతయ్. తెల్లారి నాలిక పిడచకట్టేది గందుకే. ఎక్కువ రాళ్ళు కాల్షియం ఆక్సలేటువి, అవి కల్లుకు, బీరుకు కరిగేటివి కావు. రాయి రాకుంట ఉండాలంటె మూత్రం పల్చగ ఉండాలె, దానికి ఉత్త నీళ్ళు చాలు, జేబుకు కూడ మంచిది.

భూపాలపల్లి_టీచరమ్మ | మే 7, సాయంత్రం 5:50

బాత్రూం దూరం అన్న మాటకు నేనొకటి చెప్పాలి. నేను పనిచేసిన ఒక బడిలో ఆడపిల్లలకు సరైన టాయిలెట్ లేక పొద్దున్నుంచి సాయంత్రం దాకా గుక్కెడు నీళ్ళు తాగేవాళ్ళు కాదు. మేమూ అంతే, బస్సులో గంటన్నర పోవాలి కాబట్టి ఉదయం చాయ్ కూడా మానేసేవాళ్ళం. సార్ చెప్పినట్టు కిడ్నీ సర్దుకుంటుంది, ఎంత పిసినారితనం చేసినా రోజుకు అర లీటరు అయినా బయటికి పంపాల్సిందేనట, లేకపోతే యూరియా, ఉప్పు పోవు. కానీ సంచిలో ఆపుకుని ఆపుకుని మాకు మంట, జ్వరం, ఇన్ఫెక్షన్లు. స్టాఫ్ రూంలో ఇది మాట్లాడితే మగ టీచర్లు లేచి బయటికి పోయేవాళ్ళు.

మిషన్_పక్కన | మే 7, రాత్రి 11:30

డ్యూటీ దిగిన. డయాలసిస్ టెక్నీషియన్ని, ఉత్తర తెలంగాణల ఒక సెంటర్ల. పది లీటర్లు తాగిపియ్యమన్న అన్నకు చెప్పాలనే రాస్తున్న.

మంచి కిడ్నీ అయినా గంటకు లీటరుకు మించి నీళ్ళు బయటకు తోలలేదు. గంటకింత అని కాకుంట ఏకబిగిన పోస్తె రక్తంల సోడియం పల్చబడ్తది, మెదడు ఉబ్బుతది, తిక్కతిక్కగ మాట్లాడుడు, ఫిట్సు, ప్రాణం మీదికి కూడ వస్తది. ఎండల చెమటతోని ఉప్పు పోయినోనికి ఉత్త నీళ్ళే పోస్తె ఇది ఇంక జల్ది. గందుకే మజ్జిగల ఉప్పు, ఓఆర్ఎస్. ప్యాకెట్ మీద లీటరని రాసి ఉంటె లీటరుల్నే కలుపున్రి, గ్లాసుల కాదు.

ఇగ కిడ్నీ పోయినోళ్ళకు "కడుగుడు" అన్న మాటే లేదు. మా కాడికి వచ్చేటోళ్ళకు నీళ్ళు కొలత. నిన్నటి మూత్రం ఎంతో అంత, మీద అర లీటరు, సాధారణంగ గట్ల చెప్తరు. కొందరికి మూత్రమే రాదు. అంటె అర లీటరు, ఈ మే నెలల. ఒక పెద్దమనిషి ఉన్నడు, రెండు డయాలసిస్‌ల నడుమ మూడు కిలోలు పెరిగొస్తడు. అది కండ కాదు, నీళ్ళు. "నీళ్ళు తాగలే బిడ్డా, పుచ్చకాయ తిన్న" అంటడు. పుచ్చకాయ నీళ్ళు కాదా తాతా అంటె నవ్వుతడు. కొబ్బరినీళ్ళు ఇంక డేంజర్, పొటాషియం. కిడ్నీ మంచిగున్నప్పుడు పొటాషియాన్ని తోలేస్తది, పోయినంక అది గుండెను ఆపుతది.

మిషన్ల జల్లెడ ఉంటది, వేల సన్న గొట్టాలు. ఒకదిక్కు నెత్తురు, ఇంకోదిక్కు నిమిషానికి అర లీటరు మందునీళ్ళు. నాలుగు గంటలకు 120 లీటర్లు. వారానికి రెండుసార్లు, మూడుసార్లు. మీ కిడ్నీ ఇదంత సప్పుడు లేకుంట, కరెంటు లేకుంట, మీరు పండుకున్నప్పుడు కూడ చేస్తది. అయినా మా మిషన్ వడపోస్తది గని, దసరా సామాను లెక్క ఏరి లోపల పెట్టుడు దానికి రాదు. నెత్తురు పుట్టించే హార్మోను కూడ కిడ్నీదే, గందుకే మా పేషెంట్లకు ఆ సూది వేరే ఇయ్యాలె.

మొదటి మిషన్ యుద్ధం నడుస్తున్నప్పుడు, 1943ల, నెదర్లాండ్స్‌ల కోల్ఫ్ అనే డాక్టర్ చేసిండు. మాంసం కూరే సెలోఫేన్ గొట్టాన్ని కట్టె డ్రమ్ముకు చుట్టిండు. నాకు ఇష్టమైన సంగతి, ట్రైనింగ్‌ల విన్నప్పటి సంది యాదికుంది.

వేములవాడ_వాసి | మే 8, ఉదయం 7:02

పది లీటర్ల మాట వాపస్ తీసుకుంటున్న. దోస్తుకు కూడ చెప్త.

కాజీపేట_లోకో | మే 8, ఉదయం 9:15

నాదొక డౌటు. షుగర్‌కు డాపాగ్లిఫ్లోజిన్ రాసిన్రు. రక్తంల షుగర్ మంచిగనే ఉన్నది, మూత్రం పరీక్షల షుగర్ నాలుగు ప్లస్సులు. ల్యాబుల పిల్ల భయపెట్టింది.

పరకాల_మెడికల్ | మే 8, ఉదయం 9:40

భయపడకు. మామూలుగ రక్తంల గ్లూకోజు 180 దాటితేనే మూత్రంల పడ్తది, అంతకు లోపుంటె మొత్తం తిరిగి ఎత్తుకుంటది. నీ బిళ్ళ ఆ ఎత్తుకునే తలుపునే మూస్తది. షుగర్ వాకిట్లనే ఉండిపోతది. ప్లస్సులు రాకపోతెనే నువ్వు బిళ్ళ ఏసుకుంటలేవని అనుమానపడాలె.

పరకాల_మెడికల్ | మే 8, ఉదయం 9:52

ఎనుమాముల తమ్మీ, నిన్నటి సంది అడుగుదమనుకుంటున్న. బాపు నొప్పుల బిళ్ళలు ఏమన్న ఏసుకుంటడా? హమాలోళ్ళు, మేస్త్రీలు పొద్దుగూకితే మా కౌంటర్ కాడికి వచ్చి "నడుము నొప్పి బిళ్ళ" అంటరు, పేరు కూడ అడగరు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఇవి చెమటోడ్చిన ఒంటికి మంచియి కావు. నీళ్ళు తగ్గినప్పుడు కిడ్నీలకు వచ్చే రక్తనాళం ముడుచుకుంటది. అది పూర్తిగ మూసుకుపోకుంట ప్రోస్టాగ్లాండిన్లు అనేటియి తెరిచి పట్టుకుంటయ్. ఈ బిళ్ళలు వాటినే ఆపుతయ్. జల్లెడ మీదికి రక్తం తోపు తగ్గుతది, వడపోత పడిపోతది. ఒక్క బిళ్ళకు ఏం కాదు. సీజనంత రోజూ అంటె లెక్క వేరే.

ఎనుమాముల_పిల్లగాడు | మే 11, రాత్రి 8:47

అక్కా, మీరు అన్నది నిజమైంది. బాపు అంగీ జేబుల రెండు పట్టీలు దొరికినయ్. మార్చి నుంచి రోజుకు రెండట. "అందరం ఏసుకుంటం, ఏసుకోకపోతె బస్తా లేస్తదా" అన్నడు. నాకు జవాబు రాలే. పండుగపూట లెక్క బతిమిలాడి పరీక్షకు తోల్కపోయిన. క్రియాటినిన్ 1.4. మూత్రంల ప్రొటీన్ లేదు. ఇది ఎక్కువేనా?

మిషన్_పక్కన | మే 11, రాత్రి 9:30

ప్రొటీన్ లేకపోవుడు మంచి మాట, జల్లెడ చినగలేదన్నట్టు. జల్లెడ చినిగితే అల్బుమిన్ దిగుతది, మూత్రం నురుగు నురుగు వస్తది. 1.4 అంటె జర ఎక్కువే. క్రియాటినిన్ అంటె రక్తంల నుంచి కిడ్నీ బయటకు తోలే చెత్త, వడపోత తగ్గితె రక్తంల పెరుగుతది. అది కండరాల నుంచి వస్తది, బస్తాలు మోసేటోనికి మామూలుగనే కొంచెం ఎక్కువుంటది, ముందురోజు మటన్ తిన్నా పెరుగుతది. కని తేలికగ తీసుకోవద్దు, వడపోత సగానికి సగం తగ్గితె గని ఈ అంకె రెండింతలు కాదు. 0.8 ఉన్నోనికి 1.4 అంటె శానా పోయినట్టు. పాత రిపోర్టు లేదు కాబట్టి చెప్పలేం. డాక్టర్‌కు ఆ బిళ్ళల పట్టీ చూపెట్టు, దాచకు. బీపీ కూడ చూపియ్యి. రెండు వారాలకు మల్ల పరీక్ష చేపియ్యి.

జువాలజీ_సార్ | మే 11, రాత్రి 10:10

ఆ అమ్మాయి మందుల దుకాణంలో కూర్చుని పట్టుకున్నది నేను అంత పాఠం చెప్పి కూడా అడగలేకపోయాను. పరకాల అమ్మా, శభాష్.

ఎనుమాముల_పిల్లగాడు | మే 26, రాత్రి 9:05

అప్డేట్. డాక్టర్ ఆ బిళ్ళలు బంద్ చేపిచ్చిండు, నడుముకు బెల్టు రాసిండు, ఎప్పుడన్న మరీ నొప్పైతె పారాసిటమాల్ అన్నడు. ఇయ్యాల రిపోర్టు 1.1. మల్ల మూడు నెలలకు రమ్మన్నడు. అమ్మ రోజు రెండు లీటర్ల మజ్జిగల ఉప్పేసి పంపుతుంది, మార్కెట్ల పక్క హమాలీలకే సగం పోతున్నదట, ఇగ పెద్ద క్యాన్ కొన్నం.

పొద్దున పదకొండింటికి ఆఫీసుల మీటింగుల ఉంటె బాపు ఫోన్. ఏమైందోనని బయటికురికి ఎత్తిన. "ఒరేయ్, ఇప్పటికి రెండుసార్లు పోయిన, రంగు నిమ్మకాయ నీళ్ళ లెక్క ఉన్నది, మీ సార్‌కు చెప్పు" అని పెట్టేసిండు.

పాకాల_మత్తడి | మే 26, రాత్రి 9:11

మత్తడి దుంకింది 😄